పాతదీ కొత్తదీ

ఆ పొద్దున టైలరు వేసుకున్న పథకం చిన్నదే. కొట్టు తెరవాలి, బేరాలు మొదలవకముందే మందుల షాపుకి ఫోన్ చేసి ఒక సంగతి కనుక్కోవాలి. ఇంట్లోంచి చెయ్యడానికి వీల్లేదు. జుట్టుకి రంగు వద్దని భార్య ఎంత చెప్పినా వినకుండా కొట్లో అద్దం ముందు కూర్చుని వేసుకున్నాడు. అడిగితే కొత్త నూనె మహిమని బుకాయించాడు. నూనె మహిమ ఏమో గానీ మెడంతా దద్దుర్లు లేచాయి. చర్మం డాక్టరు దురదకి మాత్ర రాశాడు. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న బీపీ మాత్రకీ దీనికీ పడుతుందో లేదో డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు. తీరా మింగబోతుంటే ఆ సంగతి గుర్తొచ్చింది.

కొట్టు తెరిచీ తెరవగానే భార్య అన్నగారు దిగాడు. రిటైరైన పోస్టుమాస్టరు. కొత్త ప్యాంటు నడుం దగ్గర వదులైందట. టైలరు పిన్నులు గుచ్చి, చూసి విప్పమని తెర వెనక్కి పంపి, తను బయట చూరు కింద నిలబడి ఫోన్ చేశాడు. తెర వెనక కిటికీ ఉన్న సంగతి ఆయనకి తట్టలేదు.

"పాతదానికి వంక పెట్టడానికి లేదమ్మా. ఇన్నేళ్ళూ నన్ను కాపాడుకొచ్చింది. కొత్తది మొన్ననే వచ్చింది. రెంటికీ పడదేమోనని భయం. పగలు పాతది, రాత్రికి కొత్తది అనుకున్నాను. మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకు."

లోపల పోస్టుమాస్టరు అదంతా విన్నాడు. ప్యాంటు విప్పడం మరిచిపోయి, పిన్నులతోనే చెల్లెలింటికి నడిచాడు.

చెల్లెలు మొదట నవ్వేసింది. ఆయనకి ఒక్క సంసారం మొయ్యడానికే ఓపిక లేదు, రెండోది కూడానా అంది. అంతలో కొత్త నూనె గుర్తొచ్చింది. ఇక నవ్వలేదు. అన్నగారి ఇంటికి, వదినగారికి కబురు వెళ్ళింది. ఆవిడ ఓదార్చడానికి వచ్చి, ఎవరై ఉంటారో ఊహించడంలో పడింది. భర్త బట్టలన్నీ సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది ఇల్లాలు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన టైలరు ఆ సంచినీ, మూడు ముఖాలనూ చూసి రంగు వ్యవహారం బయటపడిందని తేల్చుకున్నాడు.

"నిజమేనా?" అంది భార్య.

"నిజమే. కాస్త కుర్రాడిలా కనిపిద్దామనిపించింది. ఇంతవరకూ వస్తుందనుకోలేదు."

వదినగారు ముక్కున వేలేసుకుంది. పోస్టుమాస్టరు పిన్నులు గుచ్చుకుంటున్నా కుర్చీ అంచున గంభీరంగా కూర్చుని, "రెండూ కుదరవు బావా. ఒకదాన్ని వదిలెయ్యాల్సిందే" అన్నాడు.

"నా భయమూ అదే బావగారూ. పాతదాన్ని ఉన్నపళంగా మానేస్తే ప్రాణానికే ముప్పట. కొత్తది పడకపోతే ఇంకోటి మార్చుకుంటాను."

భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ప్రాణానికి ముప్పని ఉంచుకుంటున్నారా నన్ను?"

టైలరు నోరు తెరిచేలోగా ఆయన జేబులో ఫోన్ మోగింది. పోస్టుమాస్టరు లాక్కుని స్పీకర్లో పెట్టాడు.

"బాబాయ్, మందుల షాపు నుంచి. డాక్టరుగారిని కూడా అడిగాను. మీ బీపీ మాత్రకీ దురద మాత్రకీ ఏ గొడవా లేదు. కాస్త మగతగా ఉండొచ్చు, మిషన్ దగ్గర జాగ్రత్త. ఆ జుట్టు రంగు జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళకండి."

భార్య కళ్ళు తుడుచుకుని, ఆయన కాలరు పక్కకి తీసి మెడ చూసింది. "ఇంత మంటని నాకు చెప్పకుండా ఓర్చుకున్నారా?" అంది. తిట్టబోయి ఆగిందని ఆయనకి తెలిసింది.

పోస్టుమాస్టరు పరువు దక్కించుకుని వెళ్ళిపోదామని గబుక్కున లేచాడు. లేచినవాడు తూలి టైలరు మీద పడ్డాడు. ఈ మధ్య లేచినప్పుడల్లా ఇంతేనని వదినగారు కంగారుగా చెప్పింది. ఫోన్లో ఇంకా లైన్లోనే ఉన్న మందుల షాపు అమ్మాయి ఆయన్ని కూర్చోబెట్టించి, ఏం మందులు వాడుతున్నారని అడిగింది.

బీపీ మాత్ర పేరు ఆయన గట్టిగానే చెప్పాడు. రెండోదాని పేరు గొణిగాడు. అది దేనికని అడిగితే, మూత్రానికని ఇంకా మెల్లిగా అన్నాడు.

"ఆ రెండూ కలిస్తే లేవగానే బీపీ పడిపోవచ్చండీ. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, ఇవాళే డాక్టరుకి చెప్పండి. రెండోది రాసినాయనకి మొదటిది వాడుతున్నట్టు చెప్పారా?"

చెప్పలేదు. రెండో డాక్టరు ఒకాయన ఉన్నాడనే సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. వదినగారు ఆయన వైపు తిరిగి చూసింది.

మందు మార్పించి ఆయన్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టడానికి వారం పట్టింది. ఆ వారమంతా ఆయన ఎవరి కాపురమూ చక్కదిద్దలేదు.