శేషావతారం ఎక్కనన్న బండి

మున్సిపాలిటీ వారి నల్ల వైకుంఠ రథం ఒంటి నిండా గీతలున్నాయి కాబట్టి తాను అందులో ఎక్కనని, కొమ్మూరి శేషావతారం చనిపోయిన మర్నాడు పొద్దున్నే చెప్పేశాడు. చెప్పే హక్కు ఆయనకుంది. మృతుడి సమ్మతి లేకుండా మృతుణ్ణి తరలించరాదని, శ్మశానం చేరేలోగా ఏ విషయం మీదైనా మృతుడు ఒక అభ్యంతరం చెప్పవచ్చని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇన్నాళ్ళూ ఆ నిబంధన ఎవరికీ అడ్డం రాకపోవడానికి కారణం, ఈ ఊళ్ళో చనిపోయినవాళ్ళు బతికున్నప్పటి మొహమాటంతోనే బండెక్కేస్తుండడం. ఎక్కుతారా అని అడిగితే సరే అనేవారు. కొందరు అడక్కముందే అనేవారు.

అందుకే శేషావతారం కాదన్నాడంటే బోదెకట్ట వీధిలో ఎవరూ నమ్మలేదు. ఆయన జీవితమంతా ఒక బియ్యం కొట్లో గుమస్తాగా చేశాడు. షావుకారు పండక్కి సెలవివ్వకపోయినా, హోటలువాడు చల్లారిన కాఫీ ఇచ్చినా, భార్య తులశమ్మ పప్పులో ఉప్పు మర్చిపోయినా ఆయన నోరెత్తలేదు. అలాంటి మనిషి ఐసు పెట్టెలో పడుకుని, బండి బాగు చేస్తేగానీ కదలనన్నాడు. ముక్కుల్లో దూది వల్ల మాట కాస్త అణిగి వచ్చింది గాని, అందరికీ అర్థమైంది.

"ఏవండీ, నలుగురూ చూస్తున్నారు. బయల్దేరండి" అంది తులశమ్మ, పెట్టె మూత ఎత్తి పట్టుకుని.

"రాను తులశా. ఎండలోకెళ్ళి చూడు దాన్ని. సాలెగూడు పట్టినట్టుంది."

తులశమ్మ వెళ్ళి చూసింది. ఆయన చెప్పింది నిజమే. సగం బస్సంత ఉన్న ఆ వ్యాను నీడలో నల్లగానే ఉండేది. ఎండ తగలగానే దాని మీద చుట్లు చుట్లుగా సన్నని గీతలు బయటపడేవి. టాపు వెలిసి బూడిద రంగుకి వచ్చింది. దాని డ్రైవరు ఏసోబు మంచివాడు, అదే దాని దౌర్భాగ్యం. రోజూ సాయంత్రం బనియన్ వేస్టు పీలికల్ని డీజిల్లో ముంచి, దుమ్ముతో సహా గుండ్రంగా తుడిచేవాడు. ఒక గంట సేపు తళతళలాడేది, ఆ గంటలోనే ఊళ్ళో దుమ్మంతా అంటుకునేది. ఇక అంతిమయాత్రలో బొరుగులతో కలిపి జనం చిల్లర విసురుతారు. చనిపోయిన మనిషి మీద ఎంత ప్రేముంటే అంత గట్టిగా విసురుతారు. ఈ ఊరి వాళ్ళకి తమవాళ్ళ మీద ప్రేమ చాలా ఎక్కువని ఆ బండి పక్కలు చూస్తే తెలుస్తుంది. దాన్ని నీడలో పెడదామంటే, ఉన్న ఒక్క షెడ్డూ కమిషనరుగారి కారుకే సరిపోయింది.

తులశమ్మ లోపలికొచ్చి మళ్ళీ మూత ఎత్తింది. "పెళ్ళిచూపుల్లో నా మొహం సరిగ్గా చూడను కూడా చూడలేదు మీరు. ఇప్పుడు బండికి వంకలా?"

"అప్పుడు బతికున్నాను. ఎవరేమనుకుంటారోనని భయం" అన్నాడాయన. "కొట్టుకి సైకిలు మీదే తిరిగాను. బస్సులో సీటు దొరికితే పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు, లేచి ఇచ్చేసేవాణ్ణి. నా ఒక్కడి కోసమని ఇంటి ముందుకొచ్చిన బండి ఇదే. ఇదీ ఇలా వస్తే నాకు బాధగా ఉంది, తులశా."

ఆవిడకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఏది కానివ్వాలో తెలియక మూత వేసేసింది.

అసలు చిక్కు పొయ్యి దగ్గర మొదలైంది. శవం లేచేదాకా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించకూడదు. మొదటిరోజు హోటలు ఇడ్లీలతో గడిచింది. రెండోరోజు బన్నులతో గడిచింది. ఆ తర్వాత పక్కింటి సరోజిని వచ్చి ఐసు పెట్టె పక్కన చతికిలబడింది.

"అన్నయ్యగారూ, మా అత్తగారికి షుగరు. వేళకి అన్నం పడాలి. పిల్లలు బన్ను చూస్తే ఏడుస్తున్నారు. మీరు పెద్దవారు, మీకు చెప్పేంతదాన్ని కాను."

"నిజమేనమ్మా. కానీ బండి చూశావుగా" అన్నాడు శేషావతారం మర్యాదగా.

మున్సిపాలిటీ తరఫున శానిటరీ ఇన్‌స్పెక్టరు పురుషోత్తం వచ్చాడు. నల్లబండికి గీతలు సహజమని, ఇంతకుముందు ఎక్కినవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదని, కావాలంటే చెత్త ట్రాక్టరు కడిగించి పంపుతానని చెప్పాడు. శేషావతారం ఒప్పుకోలేదు. పురుషోత్తం చెమట తుడుచుకున్నాడు. ఆయన సర్వీసులో వేలమందికి రేపు రమ్మని చెప్పాడు, అందరూ వెళ్ళి మర్నాడు వచ్చారు. ఈ మనిషికి ఆ మాట చెప్పే వీల్లేదు. వెళ్ళలేడు, వెళితే రాలేడు, ఉంటే నిలవుండడు. ప్రభుత్వం మృతుల అభ్యంతరాలను అత్యవసర విభాగంలో పెట్టింది ఈ కారణం వల్లే.

బైపాసు రోడ్డులో కార్లకి పాలిషు పట్టే సుభానీని పిలిపించారు. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, పక్క మీద వేలితో రాసి చూసి, నిట్టూర్చాడు.

"తెల్లబండైతే ఎన్ని గీతలున్నా కనపడి చావవు సార్. నలుపుకి తప్పించుకునే దారి లేదు. రంగు పోలేదు, కింద బాగానే ఉంది. పైపైన నాశనం చేశారు. పట్టిస్తాను గానీ, నేను వెళ్ళాక దీన్ని ఎవరూ తుడవకూడదు."

"మేమెందుకు తుడుస్తాం?" అన్నాడు పురుషోత్తం. మున్సిపాలిటీ చరిత్రలో ఇంత నిజాయితీగా చెప్పిన మాట ఇంకోటి లేదు.

సుభానీ బండిని శేషావతారం ఇంటి ముందే పందిరి కింద పెట్టించుకున్నాడు. రెండుసార్లు షాంపూతో కడిగాడు. రంగులో దిగబడిన మట్టిని మెత్తటి బంక ముద్దతో రుద్ది లాగాడు. తర్వాత గీతలు అరగదీసే కాంపౌండు రాసి, స్పాంజి బిళ్ళ తిరిగే మిషనుతో జానెడు జానెడు చొప్పున పట్టించుకుంటూ వెళ్ళాడు. గట్టిగా నొక్కితే రంగు కాలిపోతుంది, మెల్లగా నొక్కితే గీత పోదు. సాయంత్రానికి ఒక పక్క తలుపు నేరేడు పండులా నిగనిగలాడింది. పక్కనున్న బాగు చేయని తలుపు అప్పుడు ఇంకా అసహ్యంగా కనపడింది. బాగు చేయడంలో ఉన్న చిక్కే అది. మొదలుపెట్టకపోతే అన్నీ సమానంగానే ఉంటాయి. సుభానీ విసుక్కుంటూనే మర్నాటికి మొత్తం పూర్తి చేసి, మైనం పూసి, ఇంటికెళ్ళి పడుకున్నాడు.

తెల్లారేసరికి బండి మీద కాస్త మంచూ, దుమ్మూ పడ్డాయి. ఏసోబు వచ్చి చూశాడు. ఇంత అందమైన బండి తన చేతికి ఎప్పుడూ రాలేదు. కళ్ళు చెమర్చాయి. జేబులోంచి బనియన్ వేస్టు తీసి, ప్రేమగా, గుండ్రంగా, మొత్తం తుడిచాడు.

నలుగురు మనుషులు శేషావతారాన్ని పాడె మీద బయటికి తెచ్చారు. ఎండలో ఒక్కసారి చూసి, "లోపలికి పదండి" అన్నాడాయన.

సుభానీ ఏసోబుని తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నది. ఏసోబు "తుడవద్దన్నది వాళ్ళనిగా, నన్ను కాదుగా" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. మళ్ళీ కడుగుడు, మళ్ళీ మిషను. ఈసారి ఏసోబు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పని పూర్తయ్యాక ఇన్‌స్పెక్టరుని కూడా రానివ్వలేదు. కానీ కమిషనరుగారిని ఆపడం అతని వల్ల కాలేదు.

పునరుద్ధరించిన రథాన్ని ప్రారంభించడానికి కమిషనరు స్వయంగా వచ్చాడు. పసుపు రాశారు, కుంకుమ అద్దారు, ముందు బంపరు మీద కొబ్బరికాయ కొట్టారు. బారెడు బంతిపూల దండ బానెట్టు మీద వేసి, ఫోటో సరిగ్గా రాలేదని ఇటు లాగి, మళ్ళీ అటు లాగారు. ఆ దండని ఇనప తీగకి గుచ్చారు. చప్పట్లయ్యాక పాడె బయటికి వచ్చింది.

"తీగ గీరింది" అన్నాడు శేషావతారం.

సుభానీ కింద కూర్చుని తల పట్టుకున్నాడు. కమిషనరు మాత్రం చాలా ఓపిగ్గా, "క్షమించాలి, మళ్ళీ చేయిస్తాం" అని శవానికి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం వీధి మొత్తం చూసింది.

అంతవరకు ఆ వీధికి ఏ కమిషనరూ రాలేదు. వీధి చివర మురుగు కాలవ మీద స్లాబు విరిగి, నీళ్ళు రోడ్డు మీదికి పొంగి, శ్మశానానికి వెళ్ళే దారంతా నల్లటి బురద. దాన్ని దాటడానికి కమిషనరు ప్యాంటు పైకి మడుచుకోవలసి వచ్చింది. సరోజిని ఇదే అదనని ముందుకొచ్చింది.

"సార్, ఈ కాలవ ఏళ్ళ తరబడి ఇలాగే ఉందండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు."

"మీ పేరేమిటమ్మా?"

"సరోజినండి."

"బతికే ఉన్నారా?"

"ఉన్నానండి."

"మరి తొందరేముందమ్మా, ఆఫీసుకి రండి. చూద్దాం" అన్నాడు కమిషనరు. ఆయన మాటలో వెటకారం ఏమీ లేదు. నిబంధన అదే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడమొక్కటే చాలదనీ, చచ్చి అడగాలనీ వీధికి ఆవేళ బోధపడింది. వెళ్ళిపొమ్మని బతిమాలినవాళ్ళే ఇప్పుడు ఐసు పెట్టె చుట్టూ చేరి, కాలవ బాగయ్యేదాకా కదలొద్దని శేషావతారాన్ని బతిమాలారు. వంట మాటేమిటని ఎవరో అడిగితే, కరెంటు పొయ్యికి మంట ఉండదు గనక అది పొయ్యి కిందికి రాదని తీర్మానించారు. ఆ పూట కరెంటు పొయ్యిల మీద అన్నాలు వండుకున్నారు. సరోజిని అత్తగారు రెండుసార్లు పెట్టించుకుంది. శేషావతారం అంత గొప్ప మనిషి మళ్ళీ పుట్టడని అందరూ అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు మరి.

తులశమ్మ ఒక్కతే తినలేదు. మూత ఎత్తినప్పుడల్లా ఆయన మొహం కాస్త కాస్తగా మారిపోవడం ఆవిడ చూస్తోంది. బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు నీలంగా మారాయి. తనకి తెలిసిన మొహం తనకి గుర్తుండగానే పంపించాలని ఆవిడ కోరిక. ఇంకొక్క రోజు గడిస్తే, మిగిలిన జీవితమంతా ఈ కొత్త మొహమే గుర్తొస్తుందని ఆవిడకి భయం పట్టుకుంది. చివరికి ఓర్చుకోలేక వరండాలోకొచ్చి నిలబడింది.

"నా మొగుడు మీ కాలవ కోసం చావలేదు. ఇళ్ళకి పొండి అందరూ."

ఎవరూ కదల్లేదు. శేషావతారమే లోపలినుంచి మాట్లాడాడు. "తులశా, వాళ్ళనేం అనకు. మనిషికి ఒక్క అభ్యంతరమే. నాది రంగు మీద అయిపోయింది. రెండోది చెల్లదు."

నిబంధన చూస్తే అదీ నిజమే. కాలవని వదిలేసి రంగు గురించి అడిగినందుకు కొందరికి ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్కరొక్కరే లేచి వెళ్ళిపోయారు.

తులశమ్మ సుభానీ దగ్గరికెళ్ళింది. "బాబూ, ఈసారి ఎవరినీ ముట్టుకోనివ్వకు. నాకాయన మొహం పోతోంది."

సుభానీ బానెట్టు మీది గీత మీదికి మిషను పెట్టాడు. ఏసోబు బండికి మూడు వైపులా తాడు కట్టి, నాలుగో వైపు తను నిలబడ్డాడు. దండలు వద్దని, చిల్లర విసరరాదని, బొరుగులు మాత్రం అనుమతిస్తామని కమిషనరు అప్పటికప్పుడు ఉత్తర్వు ఇచ్చాడు.

ఎండ బాగా కాసే వేళకి పాడె బయటికొచ్చింది. బండి మీద ఒక్క గీత లేదు. ఎదురింటి డాబా, కరెంటు తీగలు, ఆకాశం దాని పక్కల మీద ఉన్నవి ఉన్నట్టు కనపడుతున్నాయి. శేషావతారం చాలాసేపు చూశాడు.

"బాగుంది" అన్నాడు. తర్వాత భార్య వైపు చూసి, "నువ్వూ ఒకసారి కూర్చుని చూస్తావా?" అన్నాడు.

"నాకెందుకండీ. మీరు వెళ్ళిరండి" అంది తులశమ్మ. వెళ్ళిరండి అనకూడదని ఎవరో అన్నారు. అప్పటికే ఆవిడ గట్టిగా ఏడుస్తోంది.

వీధి చివర బండి బురదలో దిగింది. చక్రాలు చిమ్మిన నల్ల నీళ్ళు తలుపుల దాకా పడ్డాయి. వెనక నడుస్తున్న సుభానీ మొహం తిప్పుకున్నాడు. లోపలున్న శేషావతారానికి అది కనపడదు గనక అభ్యంతరం రాలేదు. వీధిలో గ్యాసు పొయ్యిలు వెలిగాయి.

దినకర్మలయ్యాక వీధి ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని, ఈసారి అభ్యంతరం వృథా కాకూడదనుకున్నారు. వయసు ప్రకారం సరోజిని అత్తగారి వంతు. ఆవిడని అడిగితే, తనకి కాలవ వద్దని, కోడలి మీద చెప్పుకుంటానని అంది. ఆవిడని పక్కన పెట్టారు. తర్వాత పెద్దది తులశమ్మే.

సరోజిని ఆ మధ్యాహ్నం వచ్చి, తులశమ్మ పక్కన కూర్చుని, ఎన్నడూ లేనంత ఆప్యాయంగా అడిగింది. "ఒంట్లో ఎలా ఉంటోంది వదినా?"

"బాగానే ఉంది."

సరోజిని మొహం చిన్నబోయింది. చీర కొంగు సర్దుకుంది. పిల్లలున్న ఇల్లు, గుమ్మం దాకా మురుగు. తులశమ్మకి ఆ పిల్లని చూస్తే పాపం అనిపించింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందిలే" అంది. "నిన్న కళ్ళు కూడా తిరిగాయి."

"అయ్యో, జాగ్రత్త వదినా" అని సరోజిని ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. స్లాబు ఎక్కడ విరిగిందో, కాలవ ఎంత లోతు తవ్వాలో వివరంగా చెప్పి, గుర్తుంటుందా అని అడిగి, తిరిగి చెప్పించుకుని వెళ్ళింది. ఆ సాయంత్రం తులశమ్మ ఇంటికి మూడిళ్ళ నుంచి కూరలు వచ్చాయి.