మంత్రిగారికిచ్చిన మెగ్నీషియం పలక

దేశం మోస్తున్న అనవసరపు బరువంతా ఇకపై నాచారంలోనే తగ్గుతుందని 2009 జూలైలో పరిశ్రమల మంత్రిగారు ప్రకటించి, యూనివర్సిటీ వారి తేలిక లోహాల పరిశోధన కేంద్రానికి రిబ్బన్ కత్తిరించారు. కేంద్రం నాలుగేళ్లుగా పనిచేస్తూనే ఉంది. రిబ్బనే ఆలస్యమైంది.

ఆ నాలుగేళ్లలో ప్రొఫెసర్ కామరాజు ఒకే ఒక్క పలక తయారుచేశారు. మెగ్నీషియం కలిపిన లోహం. ఇనుమంత గట్టిది, అట్టముక్కంత తేలిక. పదిహేను రోజుల్లో దాన్ని చర్లపల్లి ఫ్యాక్టరీవాళ్లు పరీక్షిస్తారు. నెగ్గితే కేంద్రం ఉంటుంది, లేకపోతే మూతపడుతుంది. అందుకే సభలో కూడా ఆయన దాన్ని ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నారు. అదే కొంప ముంచింది.

శాలువా కప్పాక చూస్తే మెమెంటో లేదు! ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిందట. రిజిస్ట్రార్ అరుణకుమారిగారు సమయస్ఫూర్తికి పెట్టింది పేరు. కామరాజుగారి ఒళ్లోంచి పలక లాగి మంత్రిగారి చేతుల్లో పెట్టేశారు.

“మేడమ్! అది శాంపిల్!”

“శాంపిల్ మళ్లీ చేసుకోవచ్చండీ. మంత్రిగారిని మళ్లీ చేసుకోగలమా?”

మంత్రిగారు పలకను చేత్తో ఎగరేసి మొహం చిన్నబుచ్చుకున్నారు. “ఏందమ్మా, గింత అల్కగున్నది?”

మర్నాడే కామరాజుగారు బోడుప్పల్‌లో మంత్రిగారింటికి పరుగెత్తారు. పీఏ దయాకర్ మర్యాదగా వెనక గది తెరిచాడు. నటరాజులు, వీణలు, చార్మినార్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

“జాగ సాల్తలేదు సార్. ఎవలకన్న సన్మానం జెయ్యాల్నంటే గిండ్లకెల్లే ఇస్తం. పేరు పట్టీ మారిస్తే అయిపాయె. మీది పొద్దుగాలనే పోయింది.”

“ఎక్కడికి బాబూ?”

“ఫికర్ జెయ్యకున్రి. మంచిగ తిరుగుతుంటది.”

తిరిగింది మరి! పోచారంలో కబడ్డీ కెప్టెన్‌ని, ఉప్పల్‌లో ఇళ్లస్థలాల వ్యాపారిని సత్కరించింది. అందుకున్నవాళ్లూ పేరు పట్టీ మార్చి ఇంకొకరికి ఇచ్చేసేవారు. కామరాజుగారు ఎక్కడికి వెళ్లినా అది ముందురోజే అక్కడినుంచి వెళ్లిపోయేది. పాపం, పద్నాలుగు రోజుల్లో ఆయన సగమయ్యారు. పలక మాత్రం దొరకలేదు.

పద్నాలుగో రోజు పొద్దున ప్రభుత్వం ఆయన్ని ఉత్తమ పరిశోధకుడిగా ప్రకటించింది. సాయంత్రం సభలో మంత్రిగారు స్వయంగా మెమెంటో అందించారు. అంచున తాను గీసిన ఒకటో నంబరు చూసి కామరాజుగారికి ఏడుపొచ్చింది. ఆనందంగా చేతులు చాచారు. అందుకోగానే ఆ చేతులు మోకాళ్ల దాకా దిగిపోయాయి.

“అల్కగుంటె ఇజ్జత్ ఏముంటది సార్?” చెవిలో అన్నాడు దయాకర్. “తిరిగి తిరిగి మల్ల మా సార్‌కే సన్మానంల అచ్చింది. సారే దగ్గరుండి ఎనుకదిక్కంత సీసం పోయించిన్రు. ఏడు కిలోలు!”

కరిగించి పోసిన సీసం పలకను ఎంత గీకినా వదల్లేదు. మర్నాడు ఫ్యాక్టరీవాళ్లు తూచి, ఏడు కిలోలని రాసి, నమస్కారం పెట్టి పంపించారు.

మూతపడ్డ కేంద్రం గది వృథా పోలేదు. మంత్రిగారు మళ్లీ వచ్చి మళ్లీ రిబ్బన్ కత్తిరించారు. ఈసారి మెమెంటో టైముకే వచ్చింది. బోడుప్పల్ ఇంట్లో పట్టని మెమెంటోలన్నీ ఇప్పుడు అక్కడే ఉంటున్నాయి. తాళంచెవి కామరాజుగారి దగ్గరుంది. రోజూ పొద్దున్నే ఆయన వచ్చి తలుపు తీసి, అది గాలికి కొట్టుకోకుండా ఒకటో నంబరు పలకను అడ్డం పెడతారు.