సంపూర్ణ వినికిడి

మన సైన్యంలో వినికిడి లోపం ఉన్నవాడు ఒక్కడు కూడా లేడని నిరూపించి తీరతానని మంత్రిగారు ప్రకటించారు. అన్నంత పనీ పదకొండు నిమిషాల్లో చేశారు.

పరేడ్ మైదానంలో ఆరోగ్య శిబిరం పెట్టించారు. మోకాలు, నడుము, నిద్ర, చెవి... సైనికుల సందేహాలన్నిటికీ ఇక్కడే జవాబని బ్యానర్ కట్టారు. మూడో వరసలో ఒక గన్నర్ నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్లు ఫిరంగి పక్కన పనిచేసి రెండు చెవులూ దానికే సమర్పించుకున్నవాడు. చెవి మిషన్ ఇప్పించమని భార్య అర్జీ రాసి జేబులో పెట్టి పంపింది.

మంత్రిగారు మైకు అందుకున్నారు.

"వినపడనివాళ్లు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"రాసుకోండి డాక్టరుగారూ, సున్నా."

"సర్, మిషన్‌తో టెస్ట్ చేస్తే..."

"మీ మిషన్‌లో ఇంతకన్నా పెద్ద సౌండొస్తుందా?"

రాదు కాబట్టి డాక్టర్ సున్నా రాశాడు.

తర్వాత మంత్రిగారు గంటన్నర ప్రసంగించారు. మైదానమంతా ఆవులిస్తుంటే గన్నర్ ఒక్కడే ఆయన పెదాల మీంచి చూపు తిప్పలేదు. ఒక్క ముక్కయినా పట్టుకుందామని నానా తంటాలు పడుతూ, మధ్యమధ్య తలూపాడు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్ల ప్రజాజీవితంలో ఆయన మాట ఇంత శ్రద్ధగా విన్నవాడు లేడు.

గన్నర్ని పిలిపించి, అతనిచ్చిన అర్జీని చదవకుండానే పీఏ చేతిలో పెట్టారు. "ఏదో పోస్టు అడుగుతున్నట్టున్నాడు, ఇచ్చేయండి."

సోమవారానికల్లా గన్నర్ ఆరోగ్య ఫిర్యాదుల శ్రవణాధికారి అయ్యాడు.

రోజూ ఎనభై మంది వచ్చేవారు. గన్నర్ ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ కూర్చునేవాడు. వాళ్లు మూలిగితే తనూ నిట్టూర్చేవాడు. "మా ఇంట్లోవాళ్లు కూడా ఇంతసేపు వినలేదన్నా!" అని ఒక డ్రైవర్ ఏడ్చేశాడు. ఆస్పత్రికి ఒక్కరూ వెళ్లలేదు. విన్న ఫిర్యాదులు నూటికి నూరు శాతమని మంత్రిగారు సభలో చదివితే బల్లలు మోగిపోయాయి.

గన్నర్‌కి మాత్రం ముద్ద దిగలేదు. "అందరూ ఏదో చెప్పి దణ్ణం పెట్టి పోతున్నారే. ఏం చెప్తున్నారో ఏంటో! పాపం చుట్టుకుంటుంది నాకు," అన్నాడు భార్యతో.

ఆవిడ ఇక అర్జీలు రాయలేదు. తమ్ముణ్ణి పంపి చెవి మిషన్ కొనిపించి, తనే తొడిగింది.

"ఏవండీ! వినపడుతోందా?"

"అంత అరుపెందుకే! వీధంతా వింటోంది."

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దరూ ఆ పూటంతా గుసగుసగానే మాట్లాడుకున్నారు.

మర్నాడు మొదట వచ్చింది ఆ డ్రైవరే.

"మోకాలు వంగట్లేదన్నా, నాలుగు నెలలైంది. స్కాన్ తీయిస్తారా? రేపు రిటైరయ్యాక ఎవరు చూస్తారు?"

"నాలుగు నెలలా! మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంరా?"

"రోజూ మీకే కదన్నా చెప్తున్నాను!"

గన్నర్ లేచాడు. డ్రైవర్ చెయ్యి భుజం మీద వేసుకుని ఆస్పత్రికి నడిచాడు. అది చూసి క్యూ మొత్తం వెనకాలే నడిచింది. మధ్యాహ్నానికల్లా డాక్టర్ రిజిస్టర్‌లో నలభై మోకాళ్లు, పదహారు నడుములు, ఇరవై రెండు జతల చెవులు ఎక్కాయి. చాలాకాలానికి వైద్యం చేసే భాగ్యం కలిగినందుకు డాక్టర్ భోజనం కూడా మర్చిపోయాడు.

సాయంత్రం మంత్రిగారి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గన్నర్ దాన్ని భార్య చేత పైకి చదివించుకున్నాడు.

"వినికిడి లోపం కారణంగా శ్రవణాధికారిని తక్షణం బాధ్యతల నుంచి తప్పించడమైనది."

ప్రతి అక్షరమూ స్పష్టంగా వినపడింది.