రెండు గంటలకు కొట్టాల్సిన చెట్టు

శనివారం పొద్దున హల్‌వర్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి ఊళ్ళోకి వెళ్ళి పొయ్యికట్టెలు కోసుకోవడానికి ఒక మోటారు రంపం కొనాలి. పన్నెండింటికి ఇంటికొచ్చి గంజి తాగాలి. చీకటి పడేలోగా షెడ్డు వెనక ఉన్న బర్చ్ దుంగలు సగమైనా ముక్కలు చేయాలి. అక్టోబరు వచ్చేసింది. లోయలో అందరి ఇళ్ళ గోడలకీ కట్టెల వరసలు చూరు దాకా లేచాయి. హల్‌వర్ ఇంటి గోడ మాత్రం బోసిగా ఉంది.

హల్‌వర్ ముప్పైనాలుగేళ్ళు ఆ లోయలో ఉత్తరాలు పంచి రిటైరయిన మనిషి. ఏ పనైనా కాగితం మీద పెట్టనిదే కదలడు. ముందురోజే టేపు పట్టుకుని దుంగలన్నీ కొలిచి, అన్నిటికంటే లావుపాటిది తొమ్మిది అంగుళాలని రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు ఎత్తగలిగేది తీసుకో," అంది భార్య గుడ్రున్, రొట్టె మీద గోధుమరంగు చీజు పలచగా కోసి పెడుతూ. "మా అన్నయ్య ఎత్తగలిగేది కాదు."

ఊళ్ళో రంపాల కొట్టు నడిపే సిగ్నేకి నలభై ఏళ్ళుంటాయి. పదేళ్ళు అడవిలో చెట్లు కొట్టి, ఆ తర్వాత కొట్టు పెట్టింది. హల్‌వర్ ఇచ్చిన కాగితం చదివి, లోపలికెళ్ళి ఒక చిన్న రంపం తెచ్చి చేతిలో పెట్టింది.

"గొలుసు తిరిగే పట్టీ పద్నాలుగు అంగుళాలు, హల్‌వర్ గారూ. మీ దుంగలకి చాలు, ఇంకా మిగుల్తుంది. బరువు తక్కువ. గంటసేపు పట్టుకున్నా భుజాలు లాగవు. బ్యాటరీది కూడా ఉంది గానీ, చలిలో ఛార్జి తొందరగా దిగిపోతుంది."

హల్‌వర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతిలో చక్కగా ఇమిడింది. "ఇదే ఇచ్చెయ్యి" అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని బావమరిది ఓస్మున్ వచ్చాడు.

ఓస్మున్ నలభై ఏళ్ళు అడవిలో పనిచేశాడు. అతని అరచేయి రొట్టెల పళ్ళెమంత ఉంటుంది. గొలుసు నూనె కోసం వచ్చినవాడు, హల్‌వర్ చేతిలోది చూసి ఆగిపోయాడు.

"ఏం బావా, చెల్లాయి గులాబీ మొక్కలు కత్తిరించడానికా?"

కాఫీ ఫ్లాస్కు దగ్గర నిలబడ్డ నలుగురు రైతులు మాటలాపారు. వాళ్ళందరికీ హల్‌వర్ ఏళ్ళ తరబడి ఉత్తరాలిచ్చాడు. వాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. అదే హల్‌వర్‌కి తట్టుకోలేనంత అయింది.

"ఇది ఊరికే చూస్తున్నా," అన్నాడు. "నాక్కావలసింది అదిగో, అది."

గోడకి వేలాడుతున్న రంపం పట్టీ ఇరవైనాలుగు అంగుళాలు. సిగ్నే కాగితం వంక చూసింది. "తొమ్మిది అంగుళాలని రాశారు కదండీ?"

"అది పొయ్యిలోకి. ఇంటి పక్కన స్ప్రూస్ చెట్టుంది. దాన్ని కొట్టాలి."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో హల్‌వర్‌కి తెలియదు. ఆ స్ప్రూస్ రెండున్నర అడుగుల మందం. ఇంటి పైకప్పుకి రెండింతల ఎత్తు. పడకగది కిటికీకి ఆరడుగుల దూరంలో, కొద్దిగా ఇంటివైపే వాలి ఉంటుంది. అతను పుట్టి బుద్ధెరిగాక దాని కొమ్మ కూడా కొట్టి ఎరగడు.

"నువ్వా? ఎప్పుడు?" అన్నాడు ఓస్మున్.

"ఇవాళే."

"ఇవాళ ఎన్నింటికి?"

"రెండింటికి," అన్నాడు హల్‌వర్. ముప్పైనాలుగేళ్ళు టైము ప్రకారం బతికినవాడు, అబద్ధానికి కూడా టైము చెప్పకుండా ఉండలేకపోయాడు.

"అయితే ట్రాక్టరు తీసుకుని వస్తా," అన్నాడు ఓస్మున్.

సిగ్నే ముఖం వెలిగింది. "హల్‌వర్ గారూ, నా దగ్గర రంపం పని నేర్చుకునేవాళ్ళు ఆరుగురున్నారు. పెద్ద చెట్టు కొట్టడం చూపించడానికి నెల నుంచీ వెతుకుతున్నా. వాళ్ళని తీసుకురానా? మీకేం అడ్డం రాం."

నలుగురు రైతులూ అతని జవాబు కోసం చూస్తున్నారు. "దానికేం," అన్నాడు హల్‌వర్.

పెద్ద రంపం కొనుక్కుని ఇంటికి వస్తూ, దారి పొడుగునా అతను కొత్త పథకం వేసుకున్నాడు. ఇంటికి వెళ్ళగానే గుడ్రున్‌తో నిజం చెప్పేస్తాడు. ఆమె నవ్వుతుంది. తర్వాత ఓస్మున్‌కి ఫోను చేసి నడుం పట్టేసిందంటాడు. మంచం ఎక్కేస్తాడు. పథకం బాగానే ఉంది.

ఇంటి మలుపు తిరిగేసరికి వాకిట్లో గడ్డి మీద సగం ఇల్లు ఉంది. పరుపులు, గోడ గడియారం, అత్తగారి పింగాణీ కప్పులు. గుడ్రున్ నేత మగ్గాన్ని గుమ్మంలోంచి ఈడుస్తోంది. అవతల నుంచి పక్కింటి బోర్గిల్డ్ నెడుతోంది. జరిగింది ఇది. రైతుల్లో ఒకడు బోర్గిల్డ్‌కి ఫోను చేసి, హల్‌వర్ ఇవాళ స్ప్రూస్‌ని పడేస్తున్నాడన్నాడు. ఆవిడకి ఒక చెవి సరిగా వినపడదు. స్ప్రూస్ ఇవాళ పడిపోతోందని విని, తడి చేతుల్తోనే పరిగెత్తుకొచ్చింది.

గుడ్రున్ మగ్గం వదిలి అతని ఎదురుగా నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఆ చెట్టు కింద రోజూ పడుకుంటున్నాం. అది పడేలా ఉందని నీకెప్పట్నుంచి తెలుసు?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ బోర్గిల్డ్ మంచి చెవి ఇటు తిప్పి నిలబడింది. గడ్డి మీద కప్పులు ముప్పైరెండున్నాయి.

"వసంతం నుంచి," అన్నాడు హల్‌వర్.

"ఆరు నెలలు నాకు చెప్పకుండా నువ్వొక్కడివే మోశావా," అంది గుడ్రున్. అది మెచ్చుకోలో నిష్ఠూరమో అతనికి అర్థం కాలేదు. ఆమెకీ అర్థం కాలేదేమో, వాఫిల్స్ పిండి కలపడానికి లోపలికెళ్ళింది. రెండింటికి వచ్చేవాళ్ళకి ఏదో ఒకటి పెట్టాలి కదా.

ఒంటిగంటా ఇరవైకి హల్‌వర్ చెట్టు కింద ఒంటరిగా నిలబడ్డాడు. అందరి ముందూ తడబడటం కంటే ముందే కొంచెం కోసి చూసుకుంటే మేలనుకున్నాడు. నాలుగోసారి తాడు లాగితే రంపం అందుకుంది. ఆ బరువుకి మోచేతులు కిందికి జారుతున్నాయి. చెట్టు అవతల బంగాళాదుంప మడి మీద పడాలి కాబట్టి, ఇవతల ఇంటి వైపు నుంచి కోయాలని లెక్క కట్టాడు. పట్టీ మెత్తగా దిగింది, వెన్నలోకి దిగినట్టు. బయటికొచ్చే పొట్టు కాఫీపిప్పిలా ముదురురంగులో, తడిగా ఉంది. పెద్ద చెట్లకి అలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు.

ఒక అడుగు లోపలికి వెళ్ళాక చెట్టు మూలిగింది. ఇంటివైపు వేలెడంత వంగి, కోతని మూసేసి, రంపాన్ని పళ్ళతో బిగించినట్టు పట్టేసింది. ఇంజను ఆగిపోయింది. లాగాడు, రాలేదు. కాలు మొదలుకి తన్నిపెట్టి లాగాడు. పైన ఎక్కడో టప్‌మని చప్పుడైంది. సరస్సు మీదనుంచి గాలి మొదలైంది. గాలి విసిరినప్పుడల్లా కోత దగ్గర సన్నగా కీచుమంటోంది.

వంటగదిలో గుడ్రున్ ఉంది.

హల్‌వర్ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. పొయ్యి ముందున్న భార్యని, గరిటెతో సహా, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.  అప్పుడే ఓస్మున్ ట్రాక్టరూ, దాని వెనక ఆరుగురు శిష్యులతో సిగ్నే బండీ గేట్లోకి వచ్చాయి.

సిగ్నే చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగింది. ఆమె ముఖంలో పొద్దుటి ఉత్సాహం లేదు. నేలమీది పొట్టు చిటికెడు తీసి నలిపి చూసింది.

"అందరూ రోడ్డు మీదికి వెళ్ళండి. ఓస్మున్ గారూ, మీ పొడుగు తాడు కావాలి. ఎంత పైకి కట్టగలిగితే అంత పైకి."

నిచ్చెన వేశారు. తాడు కట్టి, మడి అవతల ట్రాక్టరుకి తగిలించారు. గాలి విసిరినప్పుడు ఓస్మున్ నిచ్చెన మీద కళ్ళు మూసుకోవడం హల్‌వర్ చూశాడు. సిగ్నే తన రంపంతో మడి వైపు చీలిక తీసి, వెనక్కొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎటు పడుతుందో నేను మాటివ్వలేను," అంది. "లాగండి."

తాడు బిగిసింది. చెట్టు కదల్లేదు. తర్వాత ఇంటివైపే ఊగింది. హల్‌వర్ చేతిలో గుడ్రున్ చెయ్యి ఉంది. ఎముకలు విరిగేలా ఎవరు ఎవరిని నొక్కుతున్నారో తెలియలేదు. ట్రాక్టరు చక్రాలు బురదలో తిరిగి, పట్టు దొరికి, ముందుకి వెళ్ళాయి. చెట్టు తాపీగా, ఆలోచించుకున్నట్టు, మడి వైపుకి వాలింది. నేల అదిరింది. చివరి కొమ్మలు గేటు పక్కన హల్‌వర్ ఉత్తరాల పెట్టెని అప్పచ్చి చేశాయి. ఇంటి కిటికీ అద్దం ఒక్కటి కూడా పగల్లేదు.

 సిగ్నే మొదలు దగ్గరకెళ్ళి, నరికిన చోట చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళింది. చెట్టంతా డొల్ల. గుప్పెడు ముదురురంగు పొడి తీసి శిష్యులకి చూపించింది.

"లోపల మొత్తం పుచ్చిపోయింది. నిలబెట్టింది బెరడూ, దానివెనక ఇంత చెక్కా. మొదటి తుఫానుకే పడేది. సరిగ్గా పడకగది మీద."

ఓస్మున్ టోపీ తీశాడు. అతను టోపీ తీయడం చర్చిలో తప్ప ఎవరూ చూడలేదు.

"నలభై ఏళ్ళు అడవిలో ఉన్నా, బావా. ప్రతి క్రిస్మస్‌కీ దీని పక్కనే బండి పెట్టా. నాకు తెలీలేదు. నీకెలా తెలిసింది?"

హల్‌వర్ నోరు తెరిచాడు. ఈసారి నిజంగానే చెప్పేద్దామనుకున్నాడు.

"వసంతం నుంచీ తెలుసు," అంది గుడ్రున్ వెనకనుంచి, గరిటె ఇంకా చేతిలోనే ఉంచుకుని. "నేను భయపడతానని చెప్పలేదు." ఆమె గొంతులో ఉన్న గర్వం విన్నాక హల్‌వర్ నోరు మూసుకున్నాడు.

సోమవారం సిగ్నే పెద్ద రంపాన్ని వెనక్కి తీసుకుని చిన్నది ఇచ్చింది. పెద్ద చెట్టు పని అయిపోయింది కదా అంది తప్ప ఇంకేమీ అడగలేదు. కొట్టులో నలుగురు రైతులూ జరిగి, కాఫీ ఫ్లాస్కు దగ్గర అతనికి చోటిచ్చారు. బర్చ్ దుంగలు వారం రోజుల్లో ముక్కలై గోడ పక్కకి చేరాయి.

మరుసటి ఆదివారం బోర్గిల్డ్ వచ్చి, తన కోళ్ళగూటి పక్కనున్న ఆస్పెన్ చెట్టుని ఒకసారి చూసిపెట్టమంది. హల్‌వర్ తప్పించుకోవాలని చూశాడు. ఆవిడ అప్పటికే సగం ఊరికి చెప్పేసింది, వాళ్ళు వచ్చి వరసగా నిలబడ్డారు. అతను చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేళ్ళతో తట్టాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"గట్టి చెట్టు," అన్నాడు చివరికి. "ఇంకో నలభై ఏళ్ళు దీని జోలికి పోకండి."

మంగళవారం అది పడిపోయింది. ఆ రోజు గాలి కూడా లేదు.