గేదె మెచ్చిన రాగిజావ

చిలకలూరిపేటలో లెక్కల మాస్టారుగా రిటైరైన శేషాచలాన్ని పిల్లలు చాటుగా 'శేషం మాస్టారు' అనేవాళ్లు. ఆయన భార్య కనకలక్ష్మి మాత్రం శేషాన్ని అస్సలు సహించదు, ముఖ్యంగా గ్లాసులో.

ఆయనకి షుగరని డాక్టరు తేల్చిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో ఇడ్లీ మూతపడి రాగిజావ తెరుచుకుంది. అందులో మెంతిపొడి, అవిసెగింజల పొడి ధారాళంగా పడేవి.

"ఇది తాగితే ఎనభై ఏళ్లకీ కర్ర లేకుండా తిరగొచ్చటండీ."

"ఇది తాగుతూ ఎనభై ఏళ్లు ఎందుకే బతకడం?"

"నాకు తోడుండాలి గనక. తాగండి."

శేషాచలం గ్లాసు పట్టుకుని వరండాలోకి, అక్కణ్నించి గదిలోకి, గదిలోంచి పెరట్లోకి తిరిగాడు. కాలు నిలవలేదు. పెరటి గోడ అవతల సందులో, పాలు పోసే చెంచయ్య పొద్దున్నే తోలుకొచ్చే గేదె నిలబడి ఉంది. దాని ముందు పాత సిమెంటు తొట్టి. ఆయన ఇటూ అటూ చూసి గ్లాసు అందులోకి వంచేశాడు. గేదె మొత్తం లాగించి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

వారం గడిచింది. కనకలక్ష్మి మురిసిపోయి గ్లాసుని చెంబు చేసింది. గేదె నిగనిగలాడింది. బజార్లో దొంగచాటుగా నెయ్యి దోసెలు తిని శేషాచలమూ నిగనిగలాడాడు.

ఆ ఆదివారం కనకలక్ష్మి వంటింట్లో తన గ్లాసుతో ఆయనకి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇవాళ నేనూ మీతోపాటు తాగుతాను."

శేషాచలం గుటకలు మింగాడు, జావవి కాదు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఒక్కసారి పెరట్లోకి వెళ్లొస్తానన్నాడు.

"తాగి వెళ్లండి."

వేళ దాటిపోవడం గేదె ఓర్చుకోలేకపోయింది. ఒకసారి అరిచింది. రెండో అరుపుతో పెరటి తలుపు తోసుకుని వచ్చి, ఎండబెట్టిన మిరపకాయల మీంచి నడిచి, దండెం మీది పంచె కొమ్ముకి తగిలించుకుని, వంటింట్లో తలపెట్టి, మూతి నేరుగా శేషాచలం చెంబులో ముంచింది. మిరప ఘాటుకి ముగ్గురూ తుమ్మారు, గేదెతో సహా.

వెనకే చెంచయ్య పరిగెత్తుకొచ్చాడు. "మాస్టారూ, మీరేం పెడతన్నారోగానీ, వారం నుంచీ ఇది పత్తిచెక్క చూస్తే మూతి తిప్పుకుంటందండి. పొద్దున్నే ఇటే లాగుద్ది."

కనకలక్ష్మి గేదెని చూసింది. మొగుణ్ని చూసింది.

"అయితే నా జావని కుడితి చేశారన్నమాట."

"మూగజీవం కదా, ఆకలిగా ఉందేమోనని..."

"దానికీ షుగరుందా?"

శేషాచలం కొమ్ముకి వేలాడుతున్న పంచె అందుకోబోయాడు.

చెంచయ్య ఎంత అదిలించినా గేదె కదల్లేదు. చివరికి కనకలక్ష్మి చెంబులో మిగిలిన జావ బకెట్లో పోసి మొగుడి చేతికిచ్చింది. "అలవాటు చేసింది మీరు. మీరే ముందు నడవండి."

ముందు శేషాచలం, వెనక గేదె, బైపాస్ అవతల చెంచయ్య పాక దాకా. జిన్నింగు మిల్లు దగ్గర పత్తి లారీలు ఆగి దారిచ్చాయి.

"మాస్టారూ, మళ్లీ ట్యూషన్లు మొదలెట్టారా?" అని టీకొట్టు రాఘవులు పలకరించాడు. ఆగితే గేదె వీపులో పొడుస్తోంది. అందుకని ఆయన అడుగు వేగం పెంచాడు.

చెమటలు కక్కుతూ ఇల్లు చేరేసరికి కనకలక్ష్మి ఫోన్లో ఉంది. "అలాగే చెంచయ్యా. రేపూ తలుపు తీసే ఉంచుతా, ఇటే తోలు."

"ఎందుకే?" అన్నాడు శేషాచలం.

"రోజూ నడవాలని కూడా డాక్టరు చెప్పాడు. మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. నేను చెబితే మీరు గేటు దాటరు. అది చెబితే బైపాస్ దాటారు."

ఆయన ఏదో అనబోయాడుగానీ, ముందు కడుపు పలికింది. తానే గిన్నె దగ్గరకెళ్లి గ్లాసు నింపుకున్నాడు.

"కాస్త ఉప్పు వేస్తావా?"

"గేదె అడిగిందా?" అంది కనకలక్ష్మి.