నాలుగు గొంతుల పెట్టె

అయినా నమ్మకమనేది పెట్టెలో ఉంటుందా, దాన్ని కొన్నవాడిలో ఉంటుందా అని అతను పళ్లు తోముకుంటూ ఆలోచిస్తున్నాడు. పెట్టె అంటే ఆడియో ఇంటర్‌ఫేస్. మైకుల్లోని గొంతుల్ని కంప్యూటర్లోకి పంపే ఇనుప డబ్బా. నెల రోజుల్లో ఇది మూడోది. మొదటిది గుయ్‌మంది. రెండోదీ గుయ్‌మంది. తిరిగి దుకాణానికి తీసుకెళ్తే రెండూ మునుల్లా మౌనంగా కూర్చున్నాయి. "మీ ఇంట్లోనే ఏదో ఉంది సార్," అన్నాడు దుకాణం అతను, దయ్యాల సంగతి చెప్పేవాడిలా గొంతు తగ్గించి.

పాఠ్యపుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి పంపడం అతని ఉద్యోగం. దానికి పాత రెండు ఛానళ్ల పెట్టె, అంటే రెండు మైకులది, చాలు. కానీ ఇవాళ వస్తున్నది అమ్మ, పెద్దమ్మ, ఇద్దరు పిన్నులు. నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, పాడటమూ అంతే. తాతయ్య కట్టిన పాట ఒకటుంది. నాలుగు చరణాలు. ఒక్కొక్కరికి ఒక్కో చరణం వచ్చు; మిగతా ముగ్గురూ తప్పు పాడుతున్నారని మాత్రం అందరికీ వచ్చు. మొదటి చరణం పెద్దమ్మది. ఈమధ్య ఆవిడ మతిమరుపుకు మందులు వాడుతోంది. చరణంలోంచి నెలకో మాట రాలిపోతోంది. సాయంత్రం నాలుగింటికి ఆవిడ తిరుగు రైలు.

తొందరంటే ఏమిటో అతనికి తెలియక కాదు. నాన్న గొంతు రికార్డు చెయ్యడానికి మంచి మైకు కోసం ఏడాదిన్నర వెతికాడు. మంచిదే దొరికింది. అప్పటికి నాన్న లేడు. ఆ మైకును ఇవాళే అట్టపెట్టెలోంచి తీసి, మిగతా మూడింటి పక్కన నిలబెట్టాడు.

తొమ్మిదింటికి తలుపు మూసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గుయ్‌మంది.

భార్య లెక్కల టీచరు. ఆవిణ్ని పిలిచి హెడ్‌ఫోన్స్ తగిలించాడు. "విను. అడుగున, సన్నగా, తుమ్మెదలాగా. ఫ్రిజ్ అయ్యుండొచ్చు, లేదంటే గోడలో వైరు..."

"మీ మాటలే వినపడుతున్నాయి."

"మాటల వెనక విను."

"మాటలు ఆపితే కదా వెనక్కి వెళ్లడానికి," అని ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఫ్రిజ్ ఆపాడు. ఫ్యాన్లు ఆపాడు. గోడ గడియారంలోంచి సెల్ తీశాడు. గుయ్‌మంటూనే ఉంది. ఇక మిగిలింది కింది అంతస్తులో పళ్ల డాక్టరు కంప్రెసర్. వెళ్లేసరికి కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు.

"ఒక్క ఐదు నిమిషాలు మీ మిషను ఆపుతారా? పైన గుయ్‌మంటోంది. బిల్డింగు ఎర్తింగులోనే ఏదో తేడా ఉందేమోనని నా అనుమానం."

ఎర్తింగులో తేడా అనగానే డాక్టరు చేతిలోని పరికరాన్ని పామును వదిలినట్టు వదిలేశాడు. వాచ్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు లీకవుతోందన్నాడు. వాచ్‌మన్ రెండో అంతస్తువాళ్లకు షార్ట్ సర్క్యూట్ అని చెప్పాడు. కబురు మొదటి అంతస్తుకు చేరేసరికి పొగ కూడా వచ్చింది. పావుగంటలో సగం బిల్డింగు రోడ్డు మీద నిలబడి, లేని పొగ ఏ కిటికీలోంచి వస్తోందో ఒకరికొకరు చూపించుకుంటున్నారు. వాచ్‌మన్ మెయిన్ ఆపేశాడు.

ఇదేమీ తెలియని అతను పైన గదిలో ఆనందంతో కదలకుండా కూర్చున్నాడు. ఇంత నిశ్శబ్దం ఈ బిల్డింగులో ఎప్పుడూ లేదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, పెట్టె దాన్నుంచే కరెంటు తీసుకుంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

గుయ్‌మంది.

అన్నీ ఆగిపోయినా ఆగనిది ఒకటి ఉందంటే, దాన్ని ఏ దుకాణంలో మార్చుకోవాలి?

తలుపు తోసుకుని భార్య వచ్చింది. వెనకాలే మెట్లెక్కిన ఆయాసంతో అమ్మ, పిన్నులు.

"లిఫ్టులో మా ముగ్గురికే చోటుందిరా," అంది చిన్న పిన్ని. "లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే కదా, అక్కడ దిగి మెట్లెక్కి వచ్చాం. పెద్దక్క తర్వాతి సారి ఎక్కింది. మధ్యలో లిఫ్టు ఆగిపోయింది."

"బ్యాగుతో సహా," అంది పెద్ద పిన్ని, బ్యాగు వల్లే ఆగిందన్నట్టు.

"వాచ్‌మన్ తాళంచెవి తెచ్చి తెరుస్తున్నాడు," అంది భార్య. "మీరేం చేస్తున్నారు?"

"ఇప్పుడు కూడా గుయ్‌మంటోంది," అన్నాడు అతను దీనంగా, మళ్లీ కళ్లు మూసుకుని.

ఆవిడ రెండు క్షణాలు చూసి, అరచేత్తో అతని నోరూ ముక్కూ మూసేసింది. శబ్దం ఆగింది. తీసింది. గుయ్‌మంది. మళ్లీ మూసింది. ఆగింది.

"ఏదైనా ఆలోచిస్తే మీరు గుయ్‌మంటారు. పెళ్లైన దగ్గర్నుంచీ వింటున్నాను."

"చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నాను. మీ నోరే కదా."

పాఠాలు చదివేటప్పుడు నోరు ఖాళీగా ఉండదు కాబట్టి పాత పెట్టెకు ఈ సంగతి తెలియలేదు. దుకాణంలో మైకు ముందు ఆలోచించేది దుకాణం అతను. తిరిగిచ్చిన రెండు పెట్టెలూ కళ్ల ముందు మెదిలాయి. వాటికి క్షమాపణ ఎలా చెప్పాలో తోచక మళ్లీ గుయ్‌మన్నాడు.

పెద్దమ్మ వచ్చింది. జుట్టు రేగిపోయింది, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"లోపల చీకట్లో ఏం తోచక పాడుకుంటుంటే మొత్తం వచ్చేసిందిరా. పోయిన రెండో పాదంతో సహా. త్వరగా కానీ, మళ్లీ పోతుంది."

"వస్తున్నా పెద్దమ్మా. ఒక్క నిమిషం, సౌండు లెవెల్స్ చూసుకుని..."

"మీ నాన్నక్కూడా ఒక్క నిమిషమే అన్నావు," అంది అమ్మ. కోపంగా కాదు, టైమెంతైందో చెప్పినట్టుగా.

ఆ నలుగురూ ఒకేసారి ఊరుకోవడం అతను పుట్టాక అదే మొదలు. కింద వాచ్‌మన్ మెయిన్ వెయ్యమంటారా అని అరుస్తున్నాడు. తెర మీద బ్యాటరీ తొమ్మిది శాతం చూపిస్తోంది. పెద్దమ్మ వెళ్లి, నాన్న కోసం కొన్న మైకు ముందు నిలబడింది.

"శ్రుతి అందుకోరా."

"నేనా? నాకు పాట రాదు కదా."

"పాట నేను పాడతాను. నీకు చిన్నప్పటినుంచీ వచ్చిందే చెయ్యి. మీ తాతయ్య కూడా మొదలుపెట్టే ముందు అలాగే గుయ్‌మనేవాడు."

అతను హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. లెవెల్స్ చూడకుండానే ఎర్ర బటన్ నొక్కాడు.

మూడో పెట్టె నమ్మదగినదే. గుయ్‌మనే శబ్దం నాలుగు ఛానళ్లలోనూ స్పష్టంగా వచ్చింది.