కమిటీ కొన్న ఇంజను

ఒక పెద్ద అడవిలో రోడ్డు ఒక్కటే, కారూ ఒక్కటే. ఎప్పుడో వేటకొచ్చిన దొర ఒకాయన సింహం గర్జన విని, కారు వదిలేసి కాలినడకన పారిపోయాడు. గుండ్రటి వీపు, కప్పకళ్ళ లాంటి దీపాలు ఉన్న ఆ పాతకాలపు కారు అప్పటినుంచీ అడవి సొత్తయింది. జబ్బు చేసిన జంతువులను కనుమ దాటించి, అవతల ఉండే కొంగ వైద్యుడి దగ్గరికి చేర్చడం దాని పని.

దాన్ని నడిపేదీ, బాగుచేసేదీ సూరీడమ్మ అనే ముళ్ళపంది. చప్పుడు విని ఇంజనుకు ఎక్కడ నొప్పో చెప్పగలదు.

ఆ ఏడాది వానల ముందు ఇంజను నిలువునా పగిలింది. అతుకులు వేసినా నిలవలేదు. మూడు వారాలకు ఒక దుప్పికి నొప్పులొస్తే మంచం మీద మోసుకెళ్ళారు. కాన్పు దారిలోనే అయింది. తల్లి దక్కింది, పిల్ల దక్కలేదు. ఆ రోజు సూరీడమ్మ దుంప ముట్టలేదు.

మర్నాడే దర్బారుకు వెళ్ళింది. "ప్రభూ, ఈ రకం ఇంజన్లు ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. పాతదే కొనాలి. వాగవతల అడవిపంది వరహాలు పాతసామాన్ల కొట్లో రెండున్నాయట. నన్ను పంపితే చూసి తెస్తాను."

సింహం పంపేదే. పక్కనున్న నక్క శేషగిరి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, బాగుచేసేదీ ఆవిడే, కొనేదీ ఆవిడే అయితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఇంజన్ల గురించి ఏమీ తెలియనివాళ్ళే నిష్పక్షపాతంగా చూడగలరు."

నిష్పక్షపాతం అనే మాట వింటే సింహానికి నిద్రొస్తుంది. తల ఊపి కళ్ళు మూసుకుంది. త్రిసభ్య కమిటీ ఏర్పడింది. శేషగిరి అధ్యక్షుడు. కొండముచ్చు కామేశం కార్యదర్శి. మూడో సభ్యుడు తాబేలు. కొనుగోలు ముగిసేదాకా ఆయన దారిలోనే ఉన్నాడు. సూరీడమ్మను ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేశారు. అంటే రావచ్చు, చెప్పింది ఎవరూ వినక్కర్లేదు.

వరహాలు కొట్లో రేకుల నీడన ఒక ఇంజను, మెరిసే పచ్చరంగు వేసుకుని, మెడలో నిమ్మకాయల దండతో పెళ్ళికొడుకులా కూర్చుంది. రెండోది మూల దుమ్ములో పడుంది.

సూరీడమ్మ పచ్చదాని మీద చెయ్యి వేసింది. "ఇది వేడిగా ఉందేం, వరహాలూ?"

"ఎండకమ్మా."

"రేకుల కింద ఎండెక్కడిది? మేం వచ్చేలోపే తిప్పి ఉంచావు. చల్లారిన ఇంజను మొదటిసారి ఎలా అంటుకుంటుందో చూడాలి. దాని జబ్బంతా అప్పుడే బయటపడేది."

కామేశం ఫారం తిరగేశాడు. "ఇందులో వేడి అనే గడి లేదండీ."

సూరీడమ్మ వీపు మీది ముల్లొకటి పీకి నూనె గొట్టంలో ముంచి తీసింది. ముల్లు చివర మజ్జిగలాంటి తెల్లటి నురగ. "చూడండి. నూనెలో నీళ్ళు కలుస్తున్నాయి. లోపలెక్కడో పగులుంది."

"గడిలో ఉన్నది 'నూనె కలదా' అని," అన్నాడు కామేశం. "కలదు."

"నెంబరు అరగదీసి మళ్ళీ కొట్టారు. ఇది ఏ బండిదో, ఎక్కడిదో."

"'నెంబరు కలదా.' కలదు."

"కొత్త రంగు కింద ఏముందో కాస్త గీకి చూడనివ్వండి."

అంతసేపూ పళ్ళు కుట్టుకుంటున్న శేషగిరి ఈసారి కలగజేసుకున్నాడు. "గీకడానికి వీల్లేదమ్మా. అది అడవి ఆస్తి."

"ఇంకా కొనలేదుగా, బాబూ?"

"మొన్ననే కొన్నాం. ఇవాళ పరీక్షించడానికి వచ్చాం."

సూరీడమ్మ మూలనున్న ఇంజను దగ్గరికెళ్ళి దుమ్ము తుడిచింది. ముందున్న చక్రాన్ని చేత్తో తిప్పితే బిగువుగా, ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది. నూనె నల్లగా ఉన్నా నురగ లేదు. వేళ్ళ మధ్య నలిపి చూస్తే ఇనప రజను తగల్లేదు. ప్లగ్గులు విప్పితే పొడిగా, ఇటుకరంగులో ఉన్నాయి. "దీని ఒళ్ళు మురికే కానీ కడుపు శుభ్రం," అంది. "అది తిరిగిచ్చేసి దీన్ని తీసుకోండి."

శేషగిరి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నువ్వు చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా రాయిస్తాను," అన్నాడు మెత్తగా. సూరీడమ్మ నమ్మింది.

అతను మాట తప్పలేదు. అంతా రాయించాడు. కాకపోతే పచ్చ ఇంజనుకు ఆవిడ పట్టిన తప్పులు మూలనున్న ఇంజను కాగితం మీదికెక్కాయి. మూలదానికి చెప్పిన మంచి పచ్చదానికెళ్ళింది. పచ్చది 'శ్రేష్ఠం' అయింది. మూలది 'పనికిరాదు' అయింది. పనికిరానిదాన్ని ఎవరు పట్టుకెళ్ళినా అడిగేవాళ్ళుండరు కాబట్టి దాన్ని శేషగిరి పట్టుకెళ్ళాడు. వరహాలు దానికి తోడు అదే రకం కారు డొక్కు ఒకటి కానుకగా ఇచ్చాడు. వారం తిరిగేసరికి అడవిలో కార్లు రెండయ్యాయి.

శేషగిరికి ఒక్కటే దిగులు పట్టుకుంది. రోగులను ఎక్కించుకోడానికి తన బండి అడుగుతారేమోనని. అందుకని ఒక ఉత్తర్వు రాయించి సింహం చేత పంజా ముద్ర వేయించాడు: 'పనికిరాదని తేలిన ఇంజను గల బండి కనుమ ఎక్కరాదు.'

సూరీడమ్మ దర్బారుకు పరుగెత్తింది. "ప్రభూ, కాగితాలు తారుమారయ్యాయి."

సింహం ఫైలు చూసింది. "ఇందులో ఉన్నవి నీ మాటలేనా?"

"మాటలు నావే ప్రభూ, ఇంజనే అది కాదు."

"మాటలు నీవే అన్నావు, ఇక గొడవేముంది," అంది సింహం.

పచ్చ ఇంజను బిగించక తప్పలేదు. సూరీడమ్మ ప్రతి బోల్టూ బిగిస్తూ ఆ దుప్పిని తలుచుకుంది. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టారు. కారు పల్లంలో పది బారలు దొర్లింది. అందరూ చప్పట్లు కొట్టి, దండ వాడిపోకముందే ఇళ్ళకెళ్ళిపోయారు.

నాలుగో రోజు పొద్దున శేషగిరి విందులో విషపు కుక్కగొడుగులు తిన్నాడు. మధ్యాహ్నానికి కడుపులో పేగులు మెలిపడ్డాయి. భార్య అతన్ని సొంత కారులో పడుకోబెట్టి కనుమ మొదటికి తీసుకొచ్చింది. అక్కడ ఉత్తర్వు అమలుకు పెట్టిన గేటు దగ్గర కామేశం ఫైలుతో కూర్చుని ఉన్నాడు.

"గేటు తియ్యి, కామేశం," అన్నాడు శేషగిరి మూలుగుతూ.

కామేశం ఫైలు తీశాడు. "అయ్యా, తమరి బండిలో ఉన్నది పనికిరాని ఇంజను. నూనెలో నీళ్ళు కలుస్తాయి. లోపల పగులుంది. తమరి ప్రాణం మాకు ముఖ్యం."

"అదంతా ఉత్తిదని నీకు తెలీదా? రాసింది నువ్వే కదా."

"రాసేటప్పుడు తెలుసండీ. ముద్ర పడ్డాక నాకేం తెలీదు." కామేశం ముఖంలో వెటకారం లేదు. ముద్రపడిన కాగితాన్ని అతను నిజంగానే నమ్ముతాడు. "శ్రేష్ఠమైన ఇంజను గల కారు ఉంది. సూరీడమ్మను పిలిపిస్తాను."

సూరీడమ్మ వచ్చింది. రోగి ఎవరైనా ఆవిడకు రోగే. ఎక్కించుకుంది. పచ్చ ఇంజను దగ్గుతూ నీలపు పొగ కక్కుతూ రెండు మలుపులు ఎక్కింది. మూడో మలుపులో బుస్సున ఆవిరి చిమ్మి, ఒక్కసారి వణికి ఆగిపోయింది. కింద లోయ. పైకి ఇంకా ఆమడ దూరం.

సూరీడమ్మ చక్రాల కింద రాళ్ళు పెట్టి వచ్చింది. "బాబూ, ఇది ఇక లేవదు. మీ కారొస్తే గంటలో వైద్యుడి దగ్గరుంటారు. అది రావాలంటే మీరు కాగితం ఇవ్వాలి."

శేషగిరి నురగ కక్కుతూ కూడా లెక్క వేసుకున్నాడు. "నిజం రాస్తే నా పదవి?"

"రాయకపోతే పదవి ఖాళీ అవుతుంది."

ఆవిడ తన ముల్లొకటి పీకి ఇచ్చింది. అతను ఇంజనులోంచి కారిన నూనెలో ముంచి, టేకాకు మీద రాశాడు: 'పచ్చది పనికిరాదు. నా దాంట్లో ఉన్నదే మంచిది. రెంటినీ మార్చి రాయించింది నేనే.' సూరీడమ్మ ఆకు పట్టుకుని కొండ దిగింది. కామేశం దాన్ని రెండుసార్లు చదివి, ఫైల్లో కుట్టి, వరస నెంబరు వేసి, అప్పుడు గేటు తీశాడు.

శేషగిరి బతికాడు.

విచారణకు ఇంకో త్రిసభ్య కమిటీ వేశారు. మంచి ఇంజను అడవి కారుకు చేరింది. పచ్చదాన్ని వరహాలుకు తిప్పి పంపితే, అతను ఎర్రరంగు వేసి పక్క అడవికి అమ్మాడు. కొన్న ఇంజనును సొంత ప్రాణం మీద పరీక్షించి లోపాన్ని రాతపూర్వకంగా బయటపెట్టినందుకు శేషగిరికి దర్బారులో శాలువా కప్పారు. ఫారంలో గడులు లేని విషయాలు పరిశీలించినందుకు సూరీడమ్మకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

ఆవిడ దాన్ని చదివి, మడిచి, నూనె తుడుచుకోడానికి సంచిలో పెట్టుకుంది. ఆ వానాకాలం పదకొండు మంది రోగులు కనుమ దాటారు. పదకొండు మందీ తిరిగొచ్చారు.

నీతి: పాత ఇంజను కొనేముందు నూనె చూడండి, నెంబరు చూడండి, చల్లారాక తిప్పి చూడండి, అన్నిటికంటే ముందు, కొంటున్నవాడు ఆ బండి ఎక్కుతాడో లేదో చూడండి.